గీత దాటని దొరలేనా? బ్రిటన్ రూల్స్ మీద పాఠకుల ప్రశ్నలు

ఆఫీసు పని మీదో చదువు మీదో బ్రిటన్ వెళ్తున్న బెంగళూరు తెలుగువాళ్లు, పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలు ఈ నెల ఎక్కువగా వచ్చాయి. అన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి గనక కలిపి జవాబిస్తున్నాం. ఉత్తరాలు కుదించాం.

ప్రశ్న: మా ఆఫీసుకు లీడ్స్ నుంచి ఇద్దరు వచ్చారు. కాఫీ మెషీన్ దగ్గర ఉన్నది ఇద్దరే అయినా ఒకరి వెనక ఒకరు నిలబడతారు. మీటింగ్ రూమ్ ఖాళీగా కనిపిస్తున్నా బుక్ చేయనిదే లోపల కాలు పెట్టరు. వచ్చే నెల నేనే రెండేళ్ల కోసం అక్కడికి వెళ్తున్నా. నిజంగానే వీళ్లు రూల్స్‌కి మరీ అతిగా తలొంచుతారా సార్? (బెళ్లందూరు)

జవాబు: మీరు చెప్పిన రెండింటిలో ఒక్కటీ చట్టం కాదు, గమనించారా? రాయని నియమం దగ్గర వాళ్లు చాలా వినయంగా ఉంటారు. రాసిన చట్టం దగ్గరికొచ్చేసరికి మాత్రం బాగానే పేచీ పెడతారు. ఈ తేడా తెలియకుండా వెళ్తే రెండు వైపులా ఇబ్బంది పడతారు: అక్కర్లేని చోట భయపడతారు, జాగ్రత్త పడాల్సిన చోట ధీమాగా ఉంటారు.

రోడ్డు దాటడమే తీసుకోండి. ఎర్ర మనిషి బొమ్మ వెలుగుతుండగానే లండన్ జనం అటూ ఇటూ చూసి దాటేయడం దిగిన మొదటి రోజే కనబడుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో అది నేరం కాదు. ఎర్ర బొమ్మ ఉన్నప్పుడు దాటవద్దని హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల అధికారిక పుస్తకం) సలహా ఇస్తుందంతే. జర్మనీలో అదే పనికి జరిమానా కట్టాలి. కాలినడకన వెళ్లకూడనివి మోటార్‌వేలు. మిగతా చోట్ల ఎక్కడ దాటాలన్నది చాలామటుకు మీ ఇష్టం, మీ బాధ్యత.

హైవే కోడ్ చదివేటప్పుడు ఒక కిటుకు ఉంది. 'తప్పనిసరి' (MUST) అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటే దాని వెనక చట్టం ఉన్నట్టు. 'చేయాలి' (should) అని మామూలుగా రాసి ఉంటే అది సలహా. కాకపోతే ప్రమాదం జరిగి కేసు కోర్టుకెళ్తే ఆ సలహా పాటించలేదన్నది మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. జీబ్రా క్రాసింగ్ మీద ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మనిషి చారల మీద అడుగు పెట్టాక బండి ఆగడం తప్పనిసరి. అంచున నిలబడి ఎదురుచూస్తున్నవాళ్ల కోసం ఆగడం మాత్రం 2022 జనవరి 29న వచ్చిన మార్పుల్లో చేరిన సలహా. మన అలవాటులో చెయ్యి చాపుకుంటూ దిగిపోకండి. అంచున నిలబడి డ్రైవరు వైపు చూడండి, దాదాపు ప్రతి బండీ ఆగుతుంది. ఆగాకే కదలండి.

ఇక రాసిన చట్టం సంగతి. 2023లో అక్కడి రవాణా శాఖ లెక్కల ప్రకారం, ముందు అడ్డేమీ లేని సమయంలో గంటకు 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్ల మీద 44 శాతం కార్లు ఆ పరిమితి దాటాయి. కాఫీ మెషీన్ దగ్గర వంతు కోసం ఆగిన మనిషే కారెక్కితే ఇలా ఉంటాడు. వాడు లొంగుబాటు మనిషి అని ఎలా అంటాం?

క్యూ ఏదో వాళ్ల రక్తంలోనే ఉందని కూడా అనుకోకండి. 1940 జనవరి నుంచి 1954 జులై దాకా రేషన్ నడిచిన దేశం అది. వంతు ప్రకారం నిలబడటం మంచి పౌరుడి లక్షణమని అప్పట్లో బాగా చెప్పారు, అది అలవాటుగా స్థిరపడింది. పైగా పెద్ద క్యూ తనంతట తాను సాగదు, దాని వెనక ఏర్పాటు ఉంటుంది. 2022 సెప్టెంబరులో రాణి ఎలిజబెత్ పార్థివదేహాన్ని చూడటానికి సుమారు రెండున్నర లక్షల మంది థేమ్స్ ఒడ్డున బారులు తీరారు. ఒక్కొక్కరి చేతికి నంబరున్న పట్టీ కట్టారు. బాత్రూమ్‌కో నీళ్లకో పక్కకెళ్లినవాళ్లు ఆ పట్టీ చూపించి తమ చోటికి రావచ్చు. క్యూ చివర ఎక్కడుందో ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో చూపించారు. క్యూ చివరనున్న పార్కు నిండిపోతే కొత్తవాళ్లను కాసేపు ఆపేశారు. తన వంతు ఎవరూ కాజేయరన్న భరోసా ఉంటే మనవాళ్లూ నిలబడతారు. తిరుమలలో టైమ్ స్లాట్ టోకెన్ ఉన్నవాళ్ల ముఖాలు, లేనివాళ్ల ముఖాలు పోల్చి చూడండి.

మరి 'అతి' లేదా అంటే, ఉంది. లండన్ మెట్రోలో హోబర్న్ స్టేషన్ ఎస్కలేటర్ దానికి చక్కని ఉదాహరణ. అక్కడ నిలబడేవాళ్లు కుడివైపు ఉండాలి, ఎడమవైపు నడిచి ఎక్కేవాళ్లకు వదలాలి. ఎడమవైపు నిలబడితే మిమ్మల్ని ఎవరూ తిట్టరు; వెనక నుంచి ఒక నిట్టూర్పు, నాలుకతో చిన్న 'ట్చ్' వినిపిస్తుంది, అంతే. కానీ హోబర్న్ ఎస్కలేటర్ ఎత్తు 20 మీటర్ల పైమాటే. అంత ఎత్తు నడిచి ఎక్కే ఓపిక కొద్దిమందికే ఉంటుంది. దాంతో ఎడమవైపు సగం ఖాళీగా పోతుంటే కుడివైపు కోసం కింద జనం పోగుపడతారు. 2015 చివర్లో మూడు వారాలు, 2016లో ఆరు నెలలు రెండు వైపులా నిలబడమని చెప్పి చూశారు. మొదటిసారి పరీక్షలో రద్దీ గంటలో ఎస్కలేటర్ మోసిన జనం నాలుగో వంతుకు పైగా పెరిగారు. లెక్క అంత స్పష్టంగా ఉన్నా, అంతసేపూ సిబ్బంది దగ్గరుండి చెప్తూనే ఉండాల్సి వచ్చింది. చాలామందికి ఒళ్లు మండింది. పరీక్ష అయిపోగానే ఎప్పటిలాగే కుడివైపు నిలబడ్డారు. మెజెస్టిక్ మెట్రోలో ఎస్కలేటర్ నిండా నిలబడే మనవాళ్లు, ఆ సంగతి తెలియకపోయినా, రద్దీవేళ లెక్క ప్రకారం సరైన పనే చేస్తున్నారన్నమాట!

పొరపాటున క్యూ మధ్యలో దూరితే ఏం చేయాలి? 'సారీ' అని చివరికి వెళ్లిపోండి. కారణాలు చెప్పబోతే విషయం పెద్దదవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లయి రెడింగ్‌లో ఉంటోంది. చెత్త డబ్బా మూత కాస్త పైకి లేచి ఉందని లారీవాళ్లు తీసుకోకుండా వెళ్లిపోయారట. రెండు వారాలు ఆ చెత్త ఇంట్లోనే! పైగా జరిమానా వేస్తారేమోనని పిల్ల భయపడుతోంది. ఇదేం చాదస్తమండీ? (కె.ఆర్. పురం)

జవాబు: చాదస్తం కొంత, యంత్రం కొంత అమ్మా. ఆ చక్రాల డబ్బాను మనుషులు ఎత్తరు. లారీ వెనకున్న లిఫ్టు దాని అంచును పట్టుకుని పైకి లేపి తిరగేస్తుంది. మూత లేచి ఉంటే పైనున్న సంచులు జారి పనివాళ్ల మీద, రోడ్డు మీద పడతాయి. పక్కన విడిగా పెట్టిన సంచుల్ని ముట్టుకోనిది కూడా చాలావరకు ఇందుకే: ఇంటికింత అని లెక్కేసి లారీ రూటు వేస్తారు.

అమ్మాయికి చెప్పాల్సినవి ఇవి. డబ్బాల రంగులు ఊరికో రకం. పక్క ఊళ్లో స్నేహితురాలు చెప్పింది పాటిస్తే బోల్తా పడుతుంది. తన కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఏ రోజు ఏ డబ్బా అన్న క్యాలెండర్ వస్తుంది, దాన్ని ఫ్రిజ్ మీద అంటించమనండి. తీసుకెళ్లే రోజు ఉదయం ఆరేడింటికల్లా డబ్బా బయట ఉండాలి. ముందు రోజు రాత్రే పెట్టి, ఖాళీ అయ్యాక అదే రోజు లోపలికి తెచ్చుకోవడం మేలు. రీసైక్లింగ్ డబ్బాను తిప్పి పంపేవి ఎక్కువగా మూడు: నూనె ఇంకిన పిజ్జా అట్టలు, పిల్లల డైపర్లు, అన్నీ కలిపి ముడేసిన నల్ల సంచి. మన వంటింటి నుంచి వెళ్లే కొబ్బరి చిప్పల సంగతి ఊరికో రకంగా ఉంటుంది, అడిగి వేయడం మంచిది. పెరుగు డబ్బా కడిగి వేయాలి. 2026 మార్చి 31 నుంచి ఇంగ్లండ్‌లో వంటింటి వ్యర్థాన్ని ప్రతి వారం విడిగా తీసుకెళ్లాలన్న నియమం వచ్చింది. కొన్ని కౌన్సిళ్లకు గడువు పెంచారు.

జరిమానా భయం అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఇంటి చెత్త విషయంలో ముందు రాతపూర్వక హెచ్చరిక ఇవ్వాలి. అప్పటికీ మారక, దానివల్ల చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది కలిగితేనే జరిమానా. అదీ 60 నుంచి 80 పౌండ్ల మధ్యే. మూత తెరిచి ఉంచడం లాంటి చిన్న పొరపాట్లకు వేయకూడదని ప్రభుత్వమే కౌన్సిళ్లకు చెప్పింది. డబ్బా మీద హెచ్చరిక ట్యాగ్ తగిలించి వెళ్తే కంగారు పడకుండా చదివి, కారణమైన వస్తువు తీసేసి తర్వాతి వారం పెడితే చాలు. ట్యాగ్ లేకుండానే వదిలేసి వెళ్తే 'తీసుకెళ్లలేదు' అని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాలి. దానికి గడువు సాధారణంగా ఒకటి రెండు పనిదినాలే.

ఇంత పద్ధతిగా ఉన్నా ఇంగ్లండ్‌లో 2023–24లో రోడ్ల పక్కన, పొలాల్లో దొంగచాటుగా చెత్త పారబోసిన ఘటనలు 11.5 లక్షలు నమోదయ్యాయి. పాత సోఫా, పరుపు, ఇల్లు బాగుచేసిన మట్టి... డబ్బాలో పట్టనిదానికి డబ్బు కట్టాలి గనక కొందరు చీకట్లో వదిలేసి వస్తారు. మన బెంగళూరు పద్ధతి అంతకంటే తేలిక: తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, శానిటరీ వ్యర్థానికి ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి. హైకోర్టు ఆదేశాలూ ఉన్నాయి. ఆ మూడూ వేరుచేయని ఇంటి చెత్తను ఆటో టిప్పర్ ఎత్తుకుపోతుంది, అక్కడే వ్యవహారం జారిపోతోంది. లీడ్స్‌లోనైనా లింగరాజపురంలోనైనా, చెత్త వెనక్కి రావడాన్ని మించిన పాఠం మరొకటి లేదు.

ప్రశ్న: జూన్‌లో కుటుంబంతో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లి కారు అద్దెకు తీసుకుంటున్నాం. అలాగే వెళ్లొచ్చిన స్నేహితుడికి రెండు నెలలకు బెంగళూరు అడ్రసుకి స్పీడ్ నోటీసు వచ్చింది. 14 రోజులు దాటితే చెల్లదని ఎవరో అన్నారు. నిజమేనా? (హెచ్ఎస్ఆర్ లేఔట్)

జవాబు: సగం నిజం, ఆ సగమే చాలామందిని ముంచుతోంది. 14 రోజుల్లో నోటీసు చేరాల్సింది బండి ఎవరి పేరిట రిజిస్టరైందో వాళ్లకి. అద్దె కారైతే అది కంపెనీకి చేరితే సరిపోతుంది. కంపెనీ మీ పేరు, అడ్రసు పోలీసులకు రాస్తుంది, దానికి మీ కార్డు మీద సర్వీసు చార్జీ గీస్తుంది. ఆపైన మీకు వచ్చే నోటీసు ఎంత ఆలస్యమైనా చెల్లుతుంది. వచ్చాక 28 రోజుల్లో డ్రైవరు ఎవరో రాసి పంపాలి. జవాబివ్వకపోవడం విడిగా మరో నేరం: లైసెన్స్ మీద ఆరు పెనాల్టీ పాయింట్లు, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. అసలు తప్పు కంటే అదే పెద్దది.

తప్పుకు కనీస శిక్ష 100 పౌండ్లు, లైసెన్స్ మీద మూడు పాయింట్లు. మీకు బ్రిటన్ లైసెన్స్ లేకపోతే మీ పేరిట ఒక రికార్డు తెరిచి అందులో వేస్తారు. మూడేళ్లలో 12 పాయింట్లయితే కనీసం ఆరు నెలలు బండి నడపకూడదు. పోలీసు మార్గదర్శకాల ప్రకారం పరిమితిలో 10 శాతం, దానిపైన మరో 2 మైళ్లు కలిపి అక్కడి నుంచి చర్య మొదలవుతుంది. అంటే 30 రోడ్డులో 35 దగ్గర. ఇంగ్లండ్‌లో 35 నుంచి 42 మధ్య దొరికితే, అంతకుముందు మూడేళ్లలో వెళ్లి ఉండకపోతే, పాయింట్లకు బదులు డబ్బు కట్టి క్లాసులో కూర్చునే అవకాశం ఇవ్వొచ్చు. 34 దాకా మాఫీ అని లెక్కేసుకుని నడపకండి. అది పోలీసుల వెసులుబాటు, మీ హక్కు కాదు.

పరిమితి బోర్డు కనబడకపోతే వీధి దీపాలు చూడండి. దీపాలు వరసగా ఉండి వేరే బోర్డు లేకపోతే ఇంగ్లండ్‌లో 30. వేల్స్‌లోకి దాటితే అదే రోడ్డు 20, 2023 సెప్టెంబరు 17 నుంచి. ఆ మార్పు వద్దని అక్కడ 4.6 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. తలొంచే జనమని ఎవరన్నారో గానీ!

మన డ్రైవర్లు ఎక్కువగా ఇరుక్కునేది మాత్రం స్పీడులో కాదు, పసుపు గళ్ల జంక్షన్‌లో. ముందు కారు కదిలింది కదా అని వెంటే కదులుతాం, అది గళ్లకు అవతల ఆగుతుంది, మనం గళ్ల మీద ఆగిపోతాం. కెమెరా ఫొటో తీస్తుంది. అవతల మీ కారు పట్టేంత ఖాళీ కంటికి కనబడ్డాకే గళ్ల మీదికి రావాలి. కుడికి తిరుగుతూ ఎదురుగా వచ్చే బండ్ల కోసం ఆగడానికి మాత్రం మినహాయింపు ఉంది. వెనకవాడు హారన్ కొట్టడు, నిశ్చింతగా ఆగండి.

బెళ్లందూరు పాఠకుడికి కూడా ఒక మాట: భారత లైసెన్స్‌తో నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలే నడపొచ్చు. నేరుగా మార్చుకునే దేశాల జాబితాలో మనం లేం. థియరీలో 50కి 43, ప్రమాదాలు పసిగట్టే వీడియో పరీక్షలో 75కి 44 రావాలి. రోడ్డు పరీక్షలో చిన్న తప్పులు 15 దాకా ఓర్చుకుంటారు, పెద్ద తప్పు ఒక్కటైనా ఇంటికే. స్లాట్లు దొరకడం కష్టం, దిగిన నెలలోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: మనల్ని ఏలినవాళ్లు మనకి క్రమశిక్షణ పాఠాలు చెప్పడమేమిటండీ? లాక్‌డౌన్‌లో వాళ్ల ప్రధానమంత్రే పార్టీలు చేసుకున్నాడు కదా! (జయనగర్, విశ్రాంత ఉద్యోగి)

జవాబు: చేసుకున్నాడు, పట్టుబడ్డాడు కూడానండీ. లండన్ పోలీసులు ఆ వ్యవహారంలో మొత్తం 126 జరిమానా నోటీసులు ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో బోరిస్ జాన్సన్ 50 పౌండ్లు కట్టారు. పదవిలో ఉండగా చట్టం తప్పినట్టు తేలిన మొదటి ప్రధాని ఆయనే. జనానికి అంత కోపం రావడానికి కారణం చూడండి. అయినవాళ్ల అంత్యక్రియలకు కూడా వెళ్లకుండా నియమం పాటించినవాళ్లు ఉన్నారు. అందరం ఒకే వరసలో ఉన్నామన్న నమ్మకం మీద పాటించారు. వరస పెట్టినవాడే పక్కనుంచి దూరాడని తెలిసింది.

నియమం అన్యాయమనిపిస్తే వాళ్లు కట్టకుండా కూర్చోగలరు. పేదా గొప్పా తేడా లేకుండా పెద్దవాళ్లందరికీ తలకింత అని వేసిన 'పోల్ టాక్స్' 1989లో స్కాట్లండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో వచ్చింది. లక్షలమంది కట్టలేదు. 1990 మార్చి 31న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లు జరిగాయి. ఆ ఏడాది నవంబరులో ప్రధాని థాచర్ దిగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1993లో దాని స్థానంలో కౌన్సిల్ టాక్స్ వచ్చింది.

ఇంకా పాతది, మనకు మరింత దగ్గరిది గుర్తింపు కార్డు కథ. యుద్ధం కోసం 1939లో పెట్టిన కార్డులను యుద్ధం ముగిసినా కొనసాగించారు. 1950 డిసెంబరులో క్లారెన్స్ విల్‌కాక్ అనే వ్యక్తిని ఒక కానిస్టేబుల్ కారు ఆపి కార్డడిగితే చూపించనన్నాడు. పై కోర్టు 1951లో తప్పు తప్పేనంటూనే, యుద్ధకాలపు చట్టాన్ని మామూలు రోజుల్లో ఇలా వాడటం జనాన్ని పోలీసులకు దూరం చేస్తుందని చురక వేసింది. 1952 ఫిబ్రవరిలో కార్డులే రద్దయ్యాయి. ఆధార్ జిరాక్స్ అడిగిన ప్రతి కౌంటర్‌లోనూ ఎందుకని అడక్కుండా ఇచ్చే మనం, ఈ ఒక్క విషయంలో వాళ్లను అతి విధేయులని అనలేం.

ప్రశ్న: మన దగ్గరా కెమెరాలున్నాయి, ఫోన్‌కి చలాన్లు వస్తున్నాయి. అయినా సిల్క్ బోర్డ్ దగ్గర ఎవరికీ లెక్కలేదు. తేడా ఎక్కడ? (బొమ్మనహళ్లి)

జవాబు: జరిమానా పెద్దదా చిన్నదా అన్నది పక్కన పెట్టి గడియారం ఎటు తిరుగుతుందో చూడండి. బ్రిటన్‌లో కౌన్సిల్ ఇచ్చే పార్కింగ్ జరిమానాను 14 రోజుల్లో కడితే సగమే. 28 రోజుల దాకా పూర్తి మొత్తం. అప్పటికీ కట్టకపోతే యజమానికి నోటీసు వస్తుంది, అభ్యంతరం చెప్పడానికి 28 రోజులు. కౌన్సిల్ తిరస్కరిస్తే దానికి సంబంధం లేని ట్రైబ్యునల్‌కి ఉచితంగా వెళ్లొచ్చు. అసలు పట్టించుకోకపోతే 50 శాతం అదనం, ఆపైన కోర్టులో అప్పుగా నమోదు, చివరికి వసూలు చేసేవాళ్లు గుమ్మంలోకి. ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది.

మన దగ్గర 2023 ఫిబ్రవరిలో పాత చలాన్ల మీద 50 శాతం రాయితీ ఇచ్చారు. 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా మళ్లీ ఇచ్చారు. వెంటనే కట్టినవాడు పూర్తిగా కట్టాడు, ఏళ్ల తరబడి పేర్చినవాడు సగం కట్టాడు. మొదటివాడు ఇకపై ఏం చేస్తాడో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఖజానాకు డబ్బు రావడం నిజమే, కానీ ఆగమని నేర్పింది ప్రభుత్వమే.

ఒక జాగ్రత్త: అక్కడ సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో అద్దానికి అంటించే పసుపు కాగితం చూడటానికి కౌన్సిల్ నోటీసులాగే ఉంటుంది గానీ అది ప్రైవేటు కంపెనీ బిల్లు. దాని అప్పీలు దారి వేరు. కట్టేముందు పైన ఎవరి పేరుందో చదవండి.

ప్రశ్న: పబ్‌లో కూడా క్యూ కట్టాలా అన్నా? (మారతహళ్లి పీజీ నుంచి, మాంచెస్టర్ వెళ్లబోతున్న విద్యార్థి)

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. బారు బల్ల పొడవునా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడు. ఎవరు ముందొచ్చారో లోపలున్నవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. కోవిడ్ తర్వాత కొన్నిచోట్ల ఒకే వరసలో నిలబడుతున్నారు, దాని మీద పాతవాళ్లు సణుగుతున్నారు కూడా. అలా వరస కనిపిస్తే నువ్వూ చేరు. నీకంటే ముందొచ్చినవాణ్ణి వదిలేసి నిన్ను అడిగితే, 'ఈయన ముందొచ్చారు' అని చూపించు. నోటు ఊపినా చిటికె వేసినా నీ వంతు ఇంకా వెనక్కి పోతుంది.